పీహెచ్‌డీ సర్వే కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. ఒకే బ్యాచ్ డిగ్రీ విద్యార్థుల్ని మూడేళ్లపాటు ఆరునెలలకోసారి ఆన్‌లైన్‌లో సర్వే చేయాలి. తోటివాళ్లు డాలర్లు కట్టి టూల్స్ కొంటున్నారు. అప్పు చేసైనా కొనిపెట్టాలా? వెనకబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: అప్పు మాట మరిచిపోండి. వైవాలో టూల్‌కి ఎంత కట్టావని ఎవరూ అడగరు. మొదటి రౌండ్‌లో ఉన్నవాళ్లలో ఆఖరిదాకా ఎంతమంది మిగిలారు, మధ్యలో జారిపోయినవాళ్లు ఎలాంటివాళ్లు అని అడుగుతారు. కాబట్టి ఒకే మనిషి ఇచ్చిన జవాబుల్ని ఆ టూల్ రౌండు తర్వాత రౌండు జతచేయగలదా అన్నదే ముందు చూడాలి.

గూగుల్ ఫామ్స్ ఉచితమే గానీ ఆ పని తనంతట చేయదు. ఒక్కొక్కరికీ ఒక కోడ్ ఇచ్చి, అది ముందే నింపిన లింక్ పంపితే నెట్టుకురావచ్చు. లైమ్‌సర్వే అనే సర్వే టూల్ కమ్యూనిటీ ఎడిషన్ కూడా ఉచితం, ఎవరి టోకెన్ (గుర్తింపు కోడ్) వాళ్లకిస్తుంది. కాకపోతే సర్వర్‌లో పెట్టేవాళ్లు కావాలి. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో 2004లో మొదలైన రెడ్‌క్యాప్ అనే టూల్‌లో రౌండ్ల ఏర్పాటు ముందే ఉంటుంది. లాభాపేక్ష లేని సంస్థలకు ఉచితంగా ఇస్తారు, విద్యార్థికి విడిగా ఇవ్వరు. అందుకే మీ అమ్మాయి ముందు గైడ్‌నీ, కంప్యూటర్ సెంటర్‌నీ అడగాలి.

‘రెండు రోజుల్లో వెయ్యి రెస్పాన్సులు’ అంటూ అమ్మే ప్యాకేజీల మోజు ఇప్పుడు బాగా పెరిగింది. నాకు వాటి మీద నమ్మకం లేదు. ప్రతిసారీ కొత్తవాళ్లు జవాబిస్తే ఒక విద్యార్థిలో వచ్చిన మార్పు ఎక్కడ కనిపిస్తుంది? పైగా డబ్బుల కోసం చదవకుండా నొక్కేసేవాళ్లూ ఉంటారు. మన దగ్గరే చూడండి. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో పాలమూరు జిల్లా ఔరేపల్లి లాంటి ఊళ్లలో సర్వేలు మొదలుపెట్టింది. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల్ని వెంబడించింది. ఆ పరిశోధనలు నిలబడ్డాయంటే, మళ్లీ మళ్లీ అవే గడపలకు వెళ్లినవాళ్ల వల్లే.

కటువుగా ఉన్నా ఒక మాట చెప్పాలి. ఈ ఉత్తరం రాసింది మీరు, మీ అమ్మాయి కాదు. టూల్ గురించి అడిగారు గానీ, ‘ఈ చదువు ఎప్పటికవుతుంది, ఉద్యోగమొస్తుందా’ అన్న భయమే మిమ్మల్ని తినేస్తోంది. ఆ భయాన్ని రోజూ ఆమె నెత్తిన పెట్టకండి. పక్కింటి అబ్బాయి జీతం ప్యాకేజీతో పోల్చడం ఈరోజే మానేయండి. ఏళ్ల తరబడి ఒకే బృందం దగ్గర సమాచారం సేకరించి, చక్కగా విశ్లేషించడం వచ్చినవాళ్లు ప్రజారోగ్య సంస్థలకూ, విద్యారంగ ఎన్జీవోలకూ కావాలి. ఆమె ఖాళీగా కూర్చోదు.

ఏ టూల్ అయినా ముందు ఓ ఇరవైమందితో, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు నడిపి, జవాబులు జత కుదిరాయో లేదో చూడమనండి. నంబర్లు మారిపోతుంటాయి కాబట్టి ప్రతి ఒక్కరి దగ్గరా ఇంట్లోవాళ్ల నంబరు కూడా అనుమతితో తీసుకోవాలి. పేర్ల జాబితా ఒకచోట, జవాబులు ఇంకోచోట దాచాలి. మీరు డబ్బు సాయం చేయాలనే అనుకుంటే, ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాక, ప్రతి రౌండ్‌లో సర్వేకి జవాబిచ్చే విద్యార్థుల ఫోన్ రీఛార్జికి ఇవ్వండి.