పడవ మీద మమకారం పిల్లలకు అందేదెలా?

ప్రశ్న: మా తాతగారు ధవళేశ్వరం నుంచి కాకినాడ కాలువ మీద సరుకు పడవ నడిపేవారు. నాన్నగారు గోదావరి మీద లాంచీ నడిపే సరంగుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నా, ఊరు వెళ్తే ముందు రేవు చూడనిదే కాలు నిలవదు. పదేళ్ల మా అబ్బాయిని పాపికొండల యాత్రకు తీసుకువెళ్తే కాసేపు కొండలు చూసి, తరువాత ఫోనులో మునిగిపోయాడు. కచ్చులూరు ప్రమాదం జరిగినప్పటి నుంచి మా ఆవిడకు నీళ్లంటేనే భయం. మా ఇంటి ఈ ఇష్టం నాతోనే ఆగిపోవలసిందేనా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ అబ్బాయికి పడవలంటే ఇష్టం లేదని అప్పుడే తీర్మానించకండి. వాడు ఇంతవరకు టికెట్టు కొన్న కుర్చీలో కూర్చున్నాడు గాని, పడవ పని ఎరగడు. కాలువల మీద సరుకు పడవలు తిరిగిన కాలంలో గాలి పడిపోతే గట్టు దిగి తాడు పట్టి లాగడం, లాకులో నీటిమట్టం సమానమై తలుపులు తెరుచుకునేదాకా పడవ గోడకు కొట్టుకోకుండా గెడతో ఆపడం, అడుగున ఊరిన నీటిని తోడిపోయడం నిత్యం ఉండే పనులు. కాటన్ దొర ఆనకట్టతో వచ్చిన ఆ కాలువలు సాగుకే కాక రాకపోకలకూ ఉపయోగపడ్డాయి గనుక, తండ్రి పని కొడుకుకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే పట్టుబడేది. రోడ్లూ లారీలూ పెరిగాక ఆ పని పోయి, మీబోటి ఇళ్లలో కథలు మిగిలాయి. కథల వల్ల తాతగారి మీద గౌరవం కలుగుతుంది. పడవ మీద ఇష్టం కలగాలంటే మాత్రం పిల్లవాడి చేతికి పని చిక్కాలి.

మీరుండే చోట అందుకు అవకాశం ఉంది. హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలకు తెరచాప పడవలు నడపడం నేర్పుతోంది. పదిహేనేళ్ల లోపు వారు సాధారణంగా మొదలుపెట్టేది ‘ఆప్టిమిస్ట్’ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవతో. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దీన్ని ప్లైవుడ్ షీట్లతో చవకగా చేసుకునేలా రూపొందించారు. అందుకే దాని ముక్కు కోసినట్టు మొద్దుగా ఉంటుంది. పొడవు 2.36 మీటర్లు, బరువు 35 కిలోలు. ఒక చేతిలో చుక్కాని పిడి, రెండో చేతిలో తెరచాప తాడు. పిడిని ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది, తాడు వదిలితే చాప రెపరెపలాడి వేగం తగ్గిపోతుంది. ఈ రెండూ తన చేతిలోనే జరుగుతున్నాయని తెలిసిన పిల్లవాడికి ఫోను గుర్తుకు రావడం కష్టం.

మీ శ్రీమతి భయాన్ని ధైర్యం మాటలతో కొట్టిపారేయకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల లాంచీ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆమె భయానికి కారణం ఉంది. కనుక ఆమె పెట్టే షరతులే ఇంటి నియమాలు కావాలి. ముందు ఈత, ఆ తరువాతే పడవ. లైఫ్ జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. అది చెవుల దాకా జారితే పెద్దదని అర్థం. పిల్లలను నీటిలోకి దింపేటప్పుడు వెంట రక్షక పడవ ఉంటుందో లేదో ఆమెనే అడగనివ్వండి. పడవను కావాలనే బోర్లా వేసి, దాని అడుగు నుంచి పొడుచుకొచ్చిన పలక మీద నిలబడి మళ్లీ నిలబెట్టే సాధనను ఆమె ఒడ్డు నుంచి ఒకసారి చూస్తే, మీ వాదనలకన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

నాన్నగారిని కూడా తీసుకువెళ్లండి. సుడి ఎక్కడుందో, ఇసుక మేట ఎక్కడ దాగిందో నీటి తీరు చూసి పసిగట్టడం సరంగులకు వచ్చిన విద్య. మనవడికి ఆయన నేర్పవలసింది అదీ, నాలుగు రకాల ముడులూ. వాడు చుక్కాని పట్టినప్పుడు మాత్రం ఒడ్డు నుంచి అరవకుండా ఉండమని ముందే మాట తీసుకోండి. (ఇది సరంగులకు తేలిక కాదు.) ఇంత చేశాక కూడా వాడికి పట్టకపోతే వదిలేయండి. వంశం పేరు చెప్పి పడవ ఎక్కించడం వాడికీ, పడవకూ మంచిది కాదు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. మా ఇంట్లో ఎవరూ పడవ ఎరుగరు. ఇప్పుడు మొదలుపెట్టవచ్చునా?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: నిస్సందేహంగా. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బాలికల ఐఎల్‌సీఏ-4 (ఇదీ ఒక్కరే నడిపే తెరచాప పడవే) పోటీలో రజతం గెలిచిన మధ్యప్రదేశ్ అమ్మాయి నేహా ఠాకూర్‌ది రైతు కుటుంబం. మీ అమ్మాయి వయసుకు ఆప్టిమిస్ట్‌లో ఎంతోకాలం ఉండే వీలు లేదు గనుక, కాస్త పట్టు చిక్కగానే ఐఎల్‌సీఏ-4కు మారవచ్చు. ఈత రాకపోతే ముందు అది నేర్పించండి. హైదరాబాదులో వానాకాలపు గాలులు పోటీలకు అనువైనవే గాని కొత్తవారికి బలమైనవి కాబట్టి, అవి తగ్గిన తరువాత శిక్షణలో చేర్పించండి.