ఒక్క పునీతురాలిని ఇంటి మనిషిని చేసుకో

గుంటూరు, బ్రాడీపేట

అమ్మడూ,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నాక ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. "పెద్దమ్మా, పొద్దున జపమాల, మూడింటికి దివ్య కారుణ్య జపం, మంగళవారం అంతోనివారి నవదినం, బుధవారం నిత్య సహాయ మాత, గురువారం బాలయేసు, మొదటి శుక్రవారం తిరుహృదయం... అన్నీ చేస్తున్నా. అయినా ఏదో బాకీ ఉన్నట్టే ఉంటోంది. ఒకటి తప్పితే ఆ రోజంతా టెన్షన్" అన్నావు. మూడు గంటలకు కౌంటర్ వదిలి, బ్యాంకు వాష్‌రూమ్‌లో నిలబడి గబగబా జపం చెప్పుకుంటున్నానని కూడా అన్నావు. అది విని కడుపు తరుక్కుపోయింది. ఫోన్‌లో చెబితే సగం నీకు వినపడదు, సగం నేను మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చేసేవన్నీ మంచివే. మన కతోలిక శ్రీసభ మెచ్చినవే. కానీ ఒకే పళ్లెంలో పది కూరలు వడ్డించుకుంటే ఏ కూర రుచీ తెలియదు. పైగా ప్రార్థన బాకీలా అనిపిస్తోందంటే, ఎదురుగా ఉన్న ఆయన నీకు తండ్రిలా కాకుండా అప్పులవాడిలా కనిపిస్తున్నాడన్నమాట. ఆ దారిలో నేను చాలా దూరం వెళ్లి వచ్చాను కాబట్టి నా సంగతి ముందు చెబుతాను. మీ అమ్మకు కూడా ఇదంతా పూర్తిగా తెలియదు.

మీ పెదనాన్నకు కిడ్నీలు పాడైన ఏడాది నేను పట్టని నవదినం లేదు, వరసగా తొమ్మిదిసార్లు చేసే ఆ ప్రార్థనలన్నీ చేశాను. ఫిరంగిపురం బాలయేసు దగ్గర మొక్కుకున్నాను. గుణదల మరియమ్మకు తలనీలాలిస్తానని, చెప్పుల్లేకుండా కొండ మీది సిలువ దాకా ఎక్కుతానని మొక్కుకున్నాను. ఒక నోట్‌బుక్‌లో లెక్క రాసేదాన్ని, ఇన్ని జపమాలలు, ఇన్ని ఉపవాసాలు అని. ఆయన పోయాక ఆ నోట్‌బుక్ తెరిచి చూసుకుని, "ఇన్ని ఇచ్చాను కదా, మరి నాకేమిచ్చారు?" అని దేవుణ్ణి అడిగాను. జపమాలను బీరువాలో చీరల కింద పెట్టేశాను. దాదాపు ఏడాది పాటు, నలుగురూ అడుగుతారని ఆదివారం పూజకు వెళ్లి వచ్చేదాన్ని తప్ప లోపల ఒక్క మాట లేదు.

మళ్లీ నన్ను వెనక్కి తెచ్చింది ఒక పిల్లవాడి ప్రశ్న. మా విచారణ గుడిలో పిల్లలకు సత్యోపదేశం, అంటే మతపాఠాలు చెప్పే టీచరు ఊళ్లో లేదని, ఫిబ్రవరి పండుగ ముందు పిల్లలకు లూర్దుమాత కథ చెప్పమని సిస్టర్ గారు నన్ను పంపారు. కాదనలేక వెళ్లాను. 1858లో ఫ్రాన్సు దేశంలో లూర్దు అనే ఊరు, పద్నాలుగేళ్ల బెర్నదెత్తమ్మ, కట్టెలకు వెళ్లడం, గుహలో మరియమ్మ కనిపించడం, బురద తవ్వితే ఊట పుట్టడం, జబ్బులు నయమవడం, అంతా చెప్పాను. ముందు వరసలో కూర్చున్న చిన్నవాడు లేచి, "టీచర్, బెర్నదెత్తమ్మకు ఆయాసం అన్నారు కదా, ఆ నీళ్లతో తగ్గిందా?" అని అడిగాడు. నాకు తెలియదు. వచ్చే వారం చెబుతానన్నాను. చెప్పాలి కాబట్టి ఆమె జీవితం చదివాను.

తగ్గలేదమ్మా. తన చేత్తో తవ్విన ఊట దగ్గర ఎంతోమందికి నయమైంది, ఆమెకు మాత్రం కాలేదు. తర్వాత నెవేర్ అనే ఊళ్లో మఠంలో చేరింది. ఆయాసానికి తోడు మోకాలి ఎముకకు క్షయ పట్టింది. 1879 ఏప్రిల్ 16న, ముప్పై అయిదేళ్లకు చనిపోయింది. లూర్దులో అమ్మ ఆమెకు ముందే చెప్పింది, ఈ లోకంలో నిన్ను సుఖపెడతానని మాట ఇవ్వను, పరలోకంలో అయితే ఇస్తాను అని. ఆ మాట చదివిన రోజు వంటింట్లో స్టవ్ ఆపేసి నేల మీద కూర్చుని ఏడ్చాను. మాట తప్పారని ఏడాది పాటు ఎవరి మీద అలిగి ఉన్నానో, వాళ్లు అసలు నాకు ఆ మాట ఇవ్వనే లేదు. నేనే రాసుకుని, నేనే సంతకం పెట్టుకున్నాను. ఆ సాయంత్రం బీరువా తెరిచి జపమాల బయటికి తీశాను.

అప్పటి నుంచి బెర్నదెత్తమ్మ నాకు ఇంటి మనిషి. నీకు చెప్పదలచుకున్నది కూడా ఇదే. పదిమంది పునీతుల దగ్గర పది అర్జీలు పెట్టడం ఆపి, ఒక్కరితో కాపురం చెయ్యి. వాళ్లు ఎక్కడ పుట్టారు, ఏ పని చేశారు, దేనికి భయపడ్డారు, ఎవరు తిట్టారు, ఎలా పోయారు, అన్నీ చదువు. నీ కష్టానికి దగ్గరగా బతికినవాళ్లను వెతుక్కో. పేరు గొప్పదని వద్దు. బెర్నదెత్తమ్మ ఇంటి వాళ్లకు బతుకుతెరువైన పిండి మర పోయింది, ఒకప్పుడు జైలుగా వాడిన ఒకే ఒక్క గదిలో కాపురం. చదువు రాదు, వాళ్ల ఊరి యాస తప్ప మరో మాట రాదు. అయినా అమ్మ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. పక్కింటి అమ్మాయి తెలివిని చూసి నువ్వు కుంగిపోయే రోజున ఈ సంగతి గుర్తొస్తే అదే ఒక ప్రార్థన.

ఇక ఎలా చెయ్యాలంటావా? సిలువ గుర్తు దగ్గర మొదలుపెట్టు. నవ్వకు. మొదటి రోజు గుహ దగ్గర బెర్నదెత్తమ్మ భయపడి జపమాల తీసి సిలువ గుర్తు వేసుకోబోతే చెయ్యి పైకి లేవలేదట. అమ్మ వేసుకున్నాకే ఆమె వెయ్యగలిగింది. అమ్మను చూసి నేర్చుకుంది కాబట్టే తర్వాత జీవితమంతా ఆమె సిలువ గుర్తు వేసుకోవడం చూసి పక్కవాళ్లు కదిలిపోయేవారు. మనం ఈగను తోలినట్టు వేసేసుకుంటాం. రేపు పొద్దున నుదుటి నుంచి గుండె దాకా, ఆ భుజం నుంచి ఈ భుజం దాకా, నిదానంగా వేసి చూడు. సగం హడావుడి అక్కడే దిగిపోతుంది.

తర్వాత పూర్తి జపమాల వద్దు. ఈ నెలంతా రోజుకు ఒక్క దేవ రహస్యమే, అంటే యేసు, మరియమ్మల జీవితంలోని ఒక్క ఘట్టమే. ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం. ఆరేడు నిమిషాలు, బాబు లేవకముందే. సోమ, శనివారాలు సంతోష రహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు, బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు, గురువారం 2002లో రెండో జాన్‌పాల్ పోపుగారు చేర్చిన వెలుగు రహస్యాలు. వాటిలో ఒకటి చాలు.

కానీ ఆ ఒక్కదాన్నీ చూస్తూ చెయ్యి. నాకు జరిగింది చెబుతాను. ఒక సోమవారం మరియమ్మ ఎలిశబెతమ్మను చూడబోయిన రహస్యం తీసుకున్నాను. మొదటి మూడు పూసలూ మామూలుగా దొర్లిపోయాయి. నాలుగో పూస దగ్గర ఆ దారి కళ్లకు కట్టింది. కొండసీమ, ఎండ, కడుపులో బిడ్డ, తొందరగా నడుస్తున్న చిన్నపిల్ల. దాహం వేసి ఉంటుంది, ఎవరింటి ముందైనా ఆగి మంచినీళ్లు అడిగి ఉంటుంది అనుకున్నాను. ఏడో పూస దగ్గర మా పైవాటాలో ఉండే బాలింత గుర్తొచ్చింది. వాళ్లమ్మ ఊరెళ్లిపోయి నాలుగు రోజులైంది, పిల్ల రాత్రంతా ఏడుస్తూనే ఉంది. మిగతా మూడు పూసలూ ఆ అమ్మాయి కోసమే చెప్పాను. జపం అయ్యాక మెంతికూర పప్పు కొంచెం ఎక్కువ పెట్టి, గిన్నె పట్టుకుని పైకి వెళ్లాను. ఆ పిల్లను గంటసేపు ఎత్తుకుంటే తల్లి తలంటు పోసుకుని పడుకుంది. జపమాల నాకు ఇలా పని చేసింది అమ్మడూ.

మనసు నిలవట్లేదని బాధపడకు. పునీత ఫ్రాన్సిస్ ద సాల్ గారు జెనీవా బిషప్పు. సంసారులు భక్తిగా ఎలా బతకాలో చెబుతూ 1609లోనే పుస్తకం రాశారు. మనసు పక్కకు పోయిన ప్రతిసారీ మెల్లగా తీసుకొచ్చి దేవుడి ముందు కూర్చోబెట్టు, గంటంతా ఆ పనే సరిపోయినా ఆ గంట దండగ కాదు అని ఆయన సలహా. బిషప్పు సన్యాసిలా ఏకాంతంలో ఉండాలనుకోవడం, పనివాడు రోజంతా గుడిలోనే కూర్చోవడం తగదని కూడా రాశారు. నీకు ఉద్యోగం ఉంది, రెండేళ్ల బాబు ఉన్నాడు. మూడింటి ప్రార్థన సంగతికొస్తే, పని వదిలి రాలేనివాళ్లు ఉన్నచోటే ఒక్క క్షణం ప్రభువు శ్రమలను తలచుకున్నా చాలని ఆ దివ్య కారుణ్య జపాన్ని మనకందించిన పునీత ఫౌస్తీనమ్మగారి డైరీలోనే ఉంది. కౌంటర్‌లోనే కూర్చో. ఎదురుగా ఉన్న పెద్దాయనకు పెన్షన్ డబ్బులు ఓపికగా లెక్కపెట్టి ఇవ్వు.

ఏమీ అనిపించని రోజులు కూడా వస్తాయి. ఆవిలా తెరేజమ్మగారంటే ప్రార్థనలో శ్రీసభకే గురువు. ఆమె కూడా ఏళ్ల తరబడి, గంట ఎప్పుడు కొడతారా అని చూస్తూ ప్రార్థనలో కూర్చున్నానని తన జీవిత కథలో రాసుకున్నారు. లిసియు ఊరి చిన్న తెరేజమ్మకైతే ప్రార్థనలో నిద్రే వచ్చేది. నిద్రపోయే పిల్లలంటే కూడా తల్లిదండ్రులకు ముద్దే కదా అని ధైర్యం చెప్పుకునేది. వాళ్లిద్దరూ లేచి వెళ్లిపోలేదు. నువ్వూ కూర్చో.

రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు పునీత ఇగ్నేషియస్ లొయోలా గారి పద్ధతిలో రోజును వెనక్కి తిప్పి చూసుకో. ముందు దేనికి కృతజ్ఞత చెప్పాలో చూడు, తర్వాతే తప్పులు. నువ్వు తలకిందులుగా చేస్తున్నావని నా అనుమానం.

ఆదివారం దివ్యబలిపూజ, నెలకోసారి గురువు దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం, వీటి తర్వాతే మిగతావన్నీ. నవదినం కోసం పూజ మానుకున్నానని ఆ మధ్య అన్నావు, అది మాత్రం నాకు నచ్చలేదు. ఆ వాట్సాప్ మెసేజ్‌లు కూడా, పదకొండు మందికి పంపితే అద్భుతం, పంపకపోతే అరిష్టం అని బెదిరించేవి, డిలీట్ చేసెయ్యి. పునీతులు ఎవరినీ బెదిరించరు.

మీ బ్యాంకులో లూథరన్ అమ్మాయి, మరియమ్మను ఎందుకు పూజిస్తారని అడిగిందన్నావు. గొడవ పడకు. మన పునీతుల ప్రార్థన చూపించు. ప్రభువుతో "మామీద దయచూపండి" అంటాం, మరియమ్మతో, పునీతులతో "మా కొరకు ప్రార్థించండి" అంటాం. బాబుకు జ్వరమొస్తే నువ్వు ఆ అమ్మాయిని ప్రార్థన చెయ్యమని అడగవా? అంతే. అది విని ఒప్పుకోకపోయినా స్నేహం పోగొట్టుకోకు.

గుణదల వెళ్దామన్నావు కదా. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో బాబుతో ఆ జనంలో వద్దు, నా మోకాళ్లు కూడా అంత సేపు నిలబడనివ్వవు. మామూలు రోజున, పొద్దున్నే వెళ్దాం. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు కొండ గుహలో నిలబెట్టిన లూర్దుమాత స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి, ఏమీ అడక్కుండా పది నిమిషాలు కూర్చుందాం. కొండ పైదాకా నువ్వు ఎక్కు, నేను కింద బాబును చూసుకుంటాను. తలనీలాల మొక్కు నేను ఆ తర్వాత తీర్చుకున్నాను, నీకు చెప్పలేదు కదూ. ఆయన పోయిన మూడో ఏడు. ఆయన్ని అన్నేళ్లు నాకు ఇచ్చినందుకు.

వచ్చేటప్పుడు మీ అమ్మమ్మ జపమాల తీసుకురా. తెగిపోయిందని కవర్లో వేసి దాచానన్నావు కదా. పూసలన్నీ ఉన్నాయో లేదో ఒకసారి లెక్కపెట్టు, యాభై తొమ్మిది ఉండాలి. ఒకటి రెండు తగ్గినా పర్లేదు, నా దగ్గర పాతవి ఉన్నాయి. గట్టి నైలాన్ దారం కొని పెట్టాను.

మీ పెద్దమ్మ