చేప పట్టిన అల్లుడికి మావయ్య ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

వాట్సాప్‌లో ఫొటో చూశాను. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట పండుగప్ప పట్టావు, సంతోషం. కింద ‘ఎనిమిది కిలోలు’ అని రాశావు చూడు, అక్కడ నవ్వు ఆపుకోలేకపోయాను. మీ అమ్మ నమ్మేసింది. మా చెల్లెలు నువ్వేం చెప్పినా నమ్ముతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకు.

కోతలు మానెయ్యమని రాయట్లేదు. గేలం పట్టినవాడు కాస్త కలిపి చెప్పకపోతే వినేవాళ్లకే చప్పగా ఉంటుంది. ఎక్కడ కలపాలో తెలియాలి, అంతే.

బరువు జోలికి మాత్రం పోకు. ఫొటోలో చేప నీ మోచేతి నుంచి వేళ్ల కొస దాకా ఉంది, అంటే మూరెడు. మూరెడు పండుగప్ప కిలో, మహా అయితే కిలోన్నర తూగుతుంది. పొడుగు పెరిగితే లావూ వెడల్పూ కూడా పెరుగుతాయి కదా. అందుకే పొడుగు రెట్టింపైతే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. నువ్వు చెప్పిన బరువు రావాలంటే చేప రెండు మూరలకు దగ్గర పడాలి. పొడుగులో పదో వంతు కలిపావంటే బరువులో మూడో వంతు కలిపినట్టే. రెండు వేళ్లే కదా పెంచాను అనుకుంటావు, అది అక్కడితో ఆగదు.

పైగా చేతులు బారచాపి చేపని కెమెరా మీదకి తోశావు. నీ బొటనవేలు అరటికాయంత కనిపిస్తోంది! వేళ్లు దాచినా కన్ను పట్టిస్తుంది. చిన్న చేపకి ఒంటితో పోలిస్తే కన్ను పెద్దగా ఉంటుంది, పెరిగేకొద్దీ తలలో కన్ను చిన్నదిగా కనిపిస్తుంది. విశాఖ పెద్ద జాలరిపేటలో ఎవరికైనా ఆ ఫొటో చూపించి చూడు.

ఒక టేపూ, కొక్కెంతో వేలాడదీసే చిన్న త్రాసూ కొనుక్కో. చేపని చదునుగా పడుకోబెట్టి, నోరు మూసి, మూతి నుంచి తోక కొస దాకా కొలువు. సంచిలో పెట్టి తూచితే సంచి బరువు తీసెయ్.

ఇక కలపాల్సింది పోరాటంలో. పార చేప సంగతే తీసుకో. రెండు కిలోలదే అయినా, ఆ పలకలాంటి ఒళ్లు నీళ్లలో అడ్డంగా తిప్పిందంటే రాడ్డు వంగిపోతుంది, రీలు కీచుమంటుంది, కాళ్ల కింద రాయి నాచుతో జారుతుంటుంది. అప్పుడు నీ భుజానికి తెలిసిన బరువు ఏ త్రాసుకీ తెలియదు. అది చెప్పు. తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద అర గంట లాగానంటావా, గంట అను. ఎవడూ గడియారం పట్టుకుని నిలబడలేదు.

1953లో పెరూ దేశంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ అనే ఆయన గేలంతో 1,560 పౌండ్ల బ్లాక్ మార్లిన్ పట్టాడు. అంటే సుమారు 707 కిలోలు, మనవాళ్లు కొమ్ము కోనాం అంటారే, ఆ బాపతే. త్రాసుకెక్కింది కాబట్టే ఆ అంకె రికార్డుల్లోకి ఎక్కింది.

తెంపుకుపోయిన చేప మాత్రం పూర్తిగా నీ ఇష్టం. దానికి టేపు లేదు, ఫొటో లేదు. అయితే మొదటిసారి ఎంత చెప్పావో గుర్తుంచుకుని ప్రతిసారీ అంతే చెప్పు. పండక్కి ఒక సైజూ, పెళ్లిలో ఒక సైజూ అయితే మీ అత్త పట్టేస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లకి వేట నిషేధం. ఆ రోజుల్లో బజార్లో సముద్రపు చేప తగ్గి ధర పెరుగుతుంది, అందరి కళ్లూ చేప మీదే ఉంటాయి. నీ కబుర్లకి అదే మంచి సీజను. ఆఫీసులో చెప్పుకో, అపార్ట్‌మెంట్ మెట్ల మీద చెప్పుకో. ఫిషింగ్ హార్బర్ టీ కొట్టులో మాత్రం నోరు విప్పకు. పక్క బల్ల మీద టీ తాగేవాడు ఆ తెల్లారే మనిషంతేసి తూర చేపల్ని, అదే ట్యూనాల్ని, దింపి వచ్చుంటాడు.

ఇట్లు,
మీ మావయ్య