పెదవి వాచిందంటే తిండి సంగతి తర్వాత

ప్రశ్న: నా వయసు 46. మూడు నెలలుగా దద్దుర్లు వస్తున్నాయి. సెట్రిజిన్ వేసుకుంటే తగ్గి మళ్లీ వస్తాయి. రెండుసార్లు పెదవి వాచింది. బీపీకి ఎనాలాప్రిల్, మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ వాడతాను. మరీ ఎక్కువైతే డెక్సామెథసోన్ రెండు రోజులు వేసుకుంటాను. హిస్టమిన్ తగ్గాలంటే ఏమేం తినడం మానెయ్యాలి? - ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు మధ్యలో ఒక్క మాటగా రాసిన పెదవి వాపే నన్ను కంగారు పెడుతోంది. దద్దుర్లతో పాటు వస్తే అది దురద, దద్దుర్లు పుట్టించే హిస్టమిన్ అనే రసాయనం వల్ల కావచ్చు. కానీ ఎనాలాప్రిల్ వల్ల ఒంట్లో బ్రాడికైనిన్ అనే మరో రసాయనం పేరుకున్నా పెదవులు, నాలుక వాస్తాయి. ఏళ్ల తరబడి వాడాక కూడా ఇలా జరగొచ్చు. ఆ వాపుకు సెట్రిజిన్ పనిచేయదు. బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకుండా, ఇవాళో రేపో డాక్టర్‌ని కలిసి మార్పించుకోండి.

డైక్లోఫెనాక్ కొందరిలో దద్దుర్లను రేపుతుంది. ప్రస్తుతానికి ఆపండి. నొప్పికి పారాసిటమాల్ సరిపోతుందేమో అడగండి.

ఇక డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఎవరు రాసిచ్చారో మీరు చెప్పలేదు. రెండు రోజులే కదా అనుకుంటూ మూడు నెలల్లో ఎన్నిసార్లు వేసుకున్నారో లెక్కపెట్టండి. అది బీపీని, షుగర్‌ని పెంచుతుంది. ఆపగానే దద్దుర్లు తిరగబెట్టొచ్చు. దయచేసి సొంతంగా వాడకండి.

సెట్రిజిన్‌ను దురద పుట్టాక కాకుండా రోజూ ఒకే వేళకు 10 మి.గ్రా. వేసుకోవాలి. హిస్టమిన్ వెళ్లి అతుక్కునే చోట్లను (గ్రాహకాలను) అది ముందే ఆక్రమించి ఉంటేనే ఫలితం. చాలకపోతే డాక్టర్లు నాలుగు రెట్ల వరకూ పెంచుతారు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం తగ్గిస్తారు. నెలలపాటు రోజూ వాడి ఒక్కసారిగా ఆపితే విపరీతమైన దురద రావచ్చు.

ఆరు వారాలు దాటిన దద్దుర్లకు తిండి కారణం కావడం అరుదు. తిండి అలర్జీ అయితే అది తిన్న ప్రతిసారీ, సాధారణంగా రెండు గంటల్లోపే బయటపడుతుంది. కడుపు మాడ్చుకోకండి.

ఒక దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీయండి. మామూలుగా 24 గంటల్లో అక్కడ మాయమై వేరేచోట లేస్తుంది. అక్కడే ఉండిపోయినా, కమిలిన మచ్చ మిగిలినా రక్తనాళాల వాపు ఉందేమో పరీక్షించాలి.

నాలుక వాచినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరాడకున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన తీవ్ర అలర్జీ) అయితే తొడ బయటివైపు కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రాణం నిలుపుతుంది. సెట్రిజిన్ వేసుకుని తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోకండి.

డాక్టర్ దగ్గరికి వాపు ఫొటోలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు అన్నీ తీసుకెళ్లండి. డెక్సామెథసోన్ స్ట్రిప్పు కూడా.