సందేహాలు – సమాధానాలు: కిన్నెరసానిలో ‘సాని’ తప్పా?

సందేహం: పాల్వంచ ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాసిన లేఖ సారాంశం ఇది. “మా తమ్ముడి కూతురికి కిన్నెరసాని అని పేరు పెడదామనుకున్నాం. ‘సాని’ అన్న మాట ఆడపిల్ల పేరులో ఉండకూడదని ఇంట్లో పెద్దలు అడ్డు చెప్పారు. మా పాఠశాలలో ఒక సహోద్యోగి అసలు ‘కిన్నెర’ అనడమే తప్పు, ‘కిన్నరసాని’ అనాలి అన్నారు. మా ఊరి పక్కన పారే కిన్నెరసాని వాగూ, పాలమూరు కళాకారులు వాయించే కిన్నెరా, బొమ్మల్లో కనిపించే సగం పక్షి, సగం మనిషి అయిన కిన్నెరా ఒకే మాటేనా? దయచేసి తెలుపగలరు.”

సమాధానం: అమ్మా, మీ లేఖలో మూడు ప్రశ్నలున్నాయి. మీ పెద్దల అభ్యంతరం నన్ను కొంత బాధపెట్టింది కనుక ‘సాని’తోనే మొదలుపెడతాను.

సంస్కృతంలోని ‘స్వామి’ తెలుగులో ‘సామి’ అయినట్టే, దాని స్త్రీలింగ రూపమైన ‘స్వామిని’ మొదట ‘సామిని’గా, తరువాత నడుమ అక్షరం జారి ‘సాని’గా మారింది. ఏలిక అయిన స్త్రీ, యజమానురాలు అన్నదే దాని అర్థం. దొర భార్యను దొరసాని అన్నప్పుడు ఈనాటికీ ఆ గౌరవం చెక్కుచెదరలేదు. పురుడు పోసే ఇల్లాలిని మంత్రసాని అన్నప్పుడు కూడా అందులో ఆమె నేర్పు పట్ల మర్యాదే ఉంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో, కాకతీయుల సామంతులైన రేచర్ల వారిలో బేతిరెడ్డి భార్య ఎఱకసాని పేరుతో వెలసిన ఎఱకేశ్వరాలయం 1208 నాటిది. ఒక సామంతుని ధర్మపత్ని, దేవుడికే తన పేరు ఇచ్చిన స్త్రీ, తన పేరు చివర ‘సాని’ని ధరించింది, జనం ఆమెను ఎఱకసానమ్మ అని ఇంకా తలచుకుంటూనే ఉన్నారు. ఆ కాలంలోనే గుడులలో నాట్యగీతాలతో దేవుణ్ణి సేవించిన స్త్రీలనూ సానులనే పిలిచారు. వారికి దేవాలయ వ్యవస్థలో నిర్ణీతమైన స్థానమూ జీవనవృత్తీ ఉండేవి, వారు తామే గుడులకు దానాలు చేసేవారు. తరువాతి శతాబ్దాలలో వారి బతుకు చితికిపోయింది, మాట కూడా వారితోపాటు చితికిపోయింది. లోకం ఒక వర్గపు స్త్రీలను చిన్నచూపు చూసి, ఆ చిన్నచూపును మాట మీదికి నెట్టి, ఇప్పుడు మాటే చెడ్డదంటోంది. ఇందులో మాట చేసిన తప్పేమీ లేదు. మీ పెద్దలతో వాదం పెట్టుకోమని నేను చెప్పను. ఎఱకసాని సంగతి మాత్రం ఒకసారి వారి చెవిన వేయండి.

ఇక ‘కిన్నర’ దగ్గరికి వద్దాం. అమరసింహుడు “స్యాత్ కిన్నరః కింపురుషః తురంగవదనో మయుః” అన్నాడు. అంటే సంస్కృత కోశకారుడి దృష్టిలో కిన్నరుడు గుర్రపు ముఖం గలవాడు. వ్యుత్పత్తి చూస్తే ‘కిం + నర’. పాణిని “కిం క్షేపే” అని ఒక సూత్రమే చేశాడు. నింద తోచేటప్పుడు ‘కిం’ శబ్దం సమాసంలో చేరుతుంది. రాజుకు మంచి చెప్పనివాడు ‘కింసఖుడు’ అనీ, మంచి విననివాడు ‘కింప్రభువు’ అనీ భారవి కిరాతార్జునీయం మొదటి సర్గలో అన్నది ఈ పద్ధతిలోనే. ఆ లెక్కన కిన్నరుడంటే ‘వీడేం నరుడు’ అనిపించేవాడు. అయితే ఈ వ్యుత్పత్తి వినగానే ఎవరో తక్కువవాణ్ణి ఊహించుకోవద్దు. హిమాలయం వెదురుగొట్టాల రంధ్రాలను తన గుహల నుంచి లేచిన గాలితో నింపుతూ, పాడబోతున్న కిన్నరులకు తానమందించాలని కోరుకుంటున్నదా అన్నట్టుందని కాళిదాసు కుమారసంభవంలో వర్ణించాడు: “ఉద్గాస్యతామిచ్ఛతి కిన్నరాణాం తానప్రదాయిత్వమివోపగంతుమ్”. ఒక పర్వతరాజు వంతపాడటానికి సిద్ధపడేటంతటి గాయకులు వారు.

మీరు చూసిన పక్షిరూపం బౌద్ధశిల్పానిది. సాంచిలోనూ అజంతాలోనూ సముద్రం దాటి జావాలోని బొరొబుదూరులోనూ కిన్నరులు నడుము పైన మనుషులు, కింద పక్షులు. అశ్వముఖమూ పక్షిదేహమూ రెండూ మన సంప్రదాయంలో ఉన్నవే. ఒకటి ఒప్పు, మరొకటి తప్పు అనే తీర్పు ఇక్కడ చెల్లదు. హిమాచల్ ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లా వాసులు తమ ప్రాంతాన్ని కిన్నరదేశంగా భావిస్తారు. హిందీ నుంచి దిగుమతి చేసుకుని మన పత్రికలు కొన్ని ‘కిన్నర్’ అనే మాటను హిజ్రాలకు వాడుతున్నాయి; తెలుగులో ఆ అర్థానికి పూర్వవాడుక లేదు, ఆ వాడుకతో ఎవరికీ గౌరవం పెరిగిందీ లేదు.

వాద్యం సంగతి. పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో ‘కిన్నరీ వీణ’ ఉంది; అందులో లఘ్వి, బృహతి అనే భేదాలూ ఉన్నాయి. మెట్లు గల ఈ వీణను మతంగముని కల్పించాడని సంప్రదాయం. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడున్నాడు. కన్నడంలో ఈయననే కిన్నరి బొమ్మయ్య అంటారు. శివుడి ముందు కిన్నెర వాయిస్తూ బతికినవాడు. ఉల్లిగడ్డను బసవేశ్వరుడు ఏవగించుకున్నాడని అలిగి వెళ్ళిపోతే, బసవడు ఆ ఉల్లికే ఉత్సవం చేసి ఆయనను తిరిగి తెచ్చుకున్నాడు. మన పాలమూరులో సొరకాయ బుర్రలు కట్టిన దండె మీద మైనంతో మెట్లు నిలిపి వాయించే పన్నెండు మెట్ల కిన్నెర ఆ వంశానికి చెందినదే. దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ రావడంతో ఈ మాట మళ్ళీ ఇంటింటా వినబడింది. అందుకు సంతోషమే. కాని దాన్ని ‘పల్లె గిటార్’ అని పరిచయం చేసే వ్యాఖ్యాతలను వింటే మనసు చివుక్కుమంటుంది. సొంత పేరున్న వాద్యానికి ఎవరి పేరో ఎందుకు?

ఇప్పుడు మీ సహోద్యోగి వాదం. కిన్నర తత్సమం, కిన్నెర దాని నుంచి పుట్టిన తెలుగు రూపం. ఇకారం వెనుక వచ్చిన అకారం ఎకారంవైపు ఒరిగి, ‘తెమ్మెర’ వంటి అచ్చతెలుగు మాటలకు తోబుట్టువులా చెవికి హాయిగా కుదిరింది. తద్భవాన్ని తప్పు అనేవారు ‘సామి’నీ ‘సాని’నీ కూడా తప్పనవలసి వస్తుంది, అప్పుడు ఆయన చెప్పే ‘కిన్నరసాని’లో సగం తత్సమం, సగం తద్భవం అవుతుంది. అంత శుద్ధి కావాలంటే ‘కిన్నరస్వామిని’ అనాలి. ఆ పేరుతో పిలిస్తే ఏ వాగు పలుకుతుంది?

పూర్వకవుల ప్రయోగాలతో దీన్ని తేల్చలేమా అని మీరు అడగవచ్చు. అక్కడొక చిక్కుంది. కిన్నర, కిన్నెర రెండూ భగణాలే. గురువు తరువాత రెండు లఘువులు. మొదటి అక్షరం యతి స్థానంలో ఉన్నా, నడిమి అక్షరం ప్రాస స్థానంలో ఉన్నా, ఒకదాని బదులు మరొకటి పడినంత మాత్రాన పద్యం కుంటుపడదు. కనుక కవి ఏది రాశాడో, లేఖకుడు ఏది దిద్దాడో, అచ్చువేసిన పండితుడు ఏది మెచ్చాడో, నడిమి అక్షరమే యతి స్థానంలో పడిన చోట తప్ప, ఛందస్సు సాక్ష్యం చెప్పదు. అందువల్ల నేను వాడుకకే ఎక్కువ విలువ ఇస్తాను.

వాగు పేరు ‘కిన్న + ఏరు’ అనీ, చిన్న ఏరు అన్న అర్థంలో పుట్టిందనీ కొందరు ఊహిస్తారు. పక్కనే మున్నేరు, పాలేరు ఉన్నాయి కనుక ఈ ఊహ ఆకర్షిస్తుంది. కాని ఏఱులో ఉన్నది దీర్ఘమైన ఏకారం, బండి ఱ. కిన్నెరలో హ్రస్వమైన ఎకారం, సాధురేఫ, అంటే మామూలు ర. పైగా తెలుగులో ఇకార ఎకారాల ముందున్న పాత కకారం చకారమయింది: కన్నడంలో కివి, మనకు చెవి, కన్నడంలో కెరె, మనకు చెరువు. అది అచ్చతెలుగు మాటే అయితే ‘చిన్నేరు’ అని ఉండవలసింది. ఆ అడవులు కోయలవి, కోయభాషలో పాత కకారం నిలిచే ఉంది కనుక ఈ ఊహను పూర్తిగా కొట్టివేయను. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాదు.

నా మనసు ఒప్పుకోకపోవడానికి సగం కారణం విశ్వనాథ సత్యనారాయణ గారు. రామాయణ కల్పవృక్షమంతటి గంభీర ప్రబంధాన్ని నిర్మించిన చేయి, యౌవనంలో ‘కిన్నెరసాని పాటలు’ అనే చిన్న గేయకావ్యాన్ని రాసింది. అత్త ఆరళ్ళకు తాళలేక ఒక కోడలు అలిగి అడవిలోకి పరుగెత్తుతుంది. భర్త వెంటబడి కౌగిలించుకుంటే, ఆ కౌగిట్లోనే ఆమె కరిగి నీరై జారిపోతుంది. అతడు ఏడ్చి ఏడ్చి రాయి అవుతాడు. ఇక ఆమె వెనక్కి రాలేదు. నీటికి పల్లమే దారి. కడలిరాజు ఆమె మీద మనసుపడితే, దిక్కులేని ఆ పిల్లను గోదావరి తల్లిలా తనలో కలుపుకుని కాపాడుతుంది. కవి ఆమె పుట్టుకను పాడాడు, నడకలను పాడాడు, నాట్యాన్ని పాడాడు, సంగీతాన్ని పాడాడు, ఆ పిమ్మట దుఃఖాన్ని పాడాడు. ‘కిన్నెర సంగీతము’ అన్న శీర్షిక చూడండి. అది వాగు చేసే సవ్వడా, వాద్యం పలికే నాదమా, దేవగాయని గొంతా? మూడింటినీ విడదీసే అవసరమే లేకుండా చేశాడు. నిఘంటువు మూడు అర్థాలుగా అంకెలు వేసి చూపేదాన్ని ఆ గేయం ఒక్క ప్రవాహంగా వినిపిస్తుంది. మీ పిల్లలకు అర్థాలు చెప్పేముందు ఆ భాగాన్ని గొంతెత్తి చదివి వినిపించమని కోరుతున్నాను.

ఇంకొక పోలిక చెప్పకుండా ఉండలేను. బౌద్ధ జాతకకథల్లో చందకిన్నరుడి కథ ఉంది. కొండ మీద ఏటి ఒడ్డున ఆడుకుంటున్న కిన్నరుణ్ణి కాశీరాజు బాణంతో కొడతాడు. కిన్నరి అతణ్ణి ఒళ్ళో పెట్టుకుని దేవతలే కదిలేటట్లు విలపిస్తుంది. అక్కడ కొండ, ఏరు, భర్త కోసం ఏడ్చే కిన్నరి. ఇక్కడ రాయైన భర్త, ఏరైన భార్య. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని నేననను. ఆ పేరు చుట్టూ పాట, నీరు, ఎడబాటు పదే పదే చేరుతున్నాయన్నది మాత్రం కనిపిస్తూనే ఉంది.

మరొక నీటిపేరు ఒక్క మాటలో: ఇజ్రాయెల్‌లోని గలిలయ సముద్రాన్ని హీబ్రూలో కిన్నెరెత్ అంటారు, దాని ఒడ్డున అదే పేరుగల ఊరూ ఉంది. దావీదు వాయించిన తంతివాద్యం కిన్నోర్ పేరు మీదనే ఆ పేరు వచ్చిందని వారిలో ఒక ప్రతీతి. మన తెలుగు బైబిల్లో సరస్సు పేరు ‘కిన్నెరెతు’గా నిలిచింది, వాద్యాన్ని మాత్రం అనువాదకులు ‘సితారా’ అన్నారు. చేతికందిన కిన్నెరను విడిచిపెట్టారే అని ఆ పుట చూసినప్పుడల్లా అనుకుంటాను. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపరాదు కనుక, కిన్నోర్‌కూ కిన్నెరకూ బంధుత్వం ఉందని నేను రాసివ్వను.

కాబట్టి, అమ్మా, దేవయోనిని, అంటే ఆ దేవగాయకుల జాతిని, చెప్పేటప్పుడు ‘కిన్నర’ రాయండి. గంధర్వ, కింపురుష పదాల పక్కన అదే ఒప్పుతుంది. వాద్యానికీ వాగుకూ ‘కిన్నెర’ రాయండి. మొదట దేవగాయనుల పేరు, వారి పేరుతో వాద్యం, ఆ వాద్యంలా మోగే వాగు అన్న క్రమమే నాకు సబబుగా తోస్తుంది. వాగు నేరుగా దేవకన్య పేరే పెట్టుకుందని ఎవరైనా అంటే కాదనడానికి నా దగ్గర శాసనం లేదు. పాపకు కిన్నెరసాని అని నిస్సంకోచంగా పెట్టవచ్చు. అయితే బడి రిజిస్టరులో రాయించేటప్పుడు దగ్గర నిలబడండి. ఈ మధ్య బోర్డుల మీద ‘కిన్నేరసాని’ అని దీర్ఘం ఇస్తున్నారు. ‘నె’కు దీర్ఘం లేదు.