మెనింజైటిస్ తగ్గినా బాబు కాళ్లు ఆనించడం లేదు... నీరసమేనా?

ప్రశ్న: మా బాబుకు 14 నెలలు. తీవ్ర జ్వరం, ఫిట్స్‌తో ఆస్పత్రిలో చేర్చితే బ్యాక్టీరియా వల్ల వచ్చిన మెనింజైటిస్ అన్నారు. తగ్గి ఇంటికొచ్చి వారమైంది. చేతులతో బాగానే ఆడుకుంటున్నాడు కానీ, ఇదివరకు పట్టుకుని నిలబడేవాడు ఇప్పుడు కాళ్లు ఆనించడం లేదు. డైపర్ ఎప్పుడు చూసినా కొద్దికొద్దిగా తడిగానే ఉంటోంది. నీరసానికి ఏ టానిక్ పట్టాలి? నూనెతో మర్దన చేయవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: టానిక్ గురించి తర్వాత ఆలోచించవచ్చు, ముందు బాబును ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. చేతులు బాగా ఆడిస్తూ కాళ్లు మాత్రమే కదపకపోవడం, మూత్రం ధారగా రాకుండా బొట్లు బొట్లుగా కారుతుండటం నీరసం లక్షణాలు కావు. బాబును చూడకుండా ఫలానా జబ్బని నిర్ధారించలేను కానీ, వెన్నుపాము దెబ్బతిన్నదేమోనన్న అనుమానం మాత్రం బలంగా కలుగుతోంది.

మెనింజైటిస్ అంటే మెదడును కప్పి ఉండే పొరలకు వచ్చే వాపు. ఆ పొరలే కిందికి వెన్నుపామును కూడా చుట్టి ఉంటాయి కాబట్టి, ఇన్ఫెక్షన్ అక్కడికీ పాకవచ్చు. అరుదుగా వెన్నుపాములో వాపు రావచ్చు, దానికి రక్తం అందించే నాళాలు పూడుకుపోవచ్చు, లేదా చీము చేరి నొక్కవచ్చు. జ్వరం, ఫిట్స్ తీవ్రంగా ఉన్న రోజుల్లో అందరి దృష్టీ తలపైనే ఉంటుంది, కాళ్లు మొద్దుబారాయని చెప్పే వయసు బిడ్డకు ఉండదు. అందుకే ఇది ఆలస్యంగా బయటపడుతుంది. చీము నొక్కుతుంటే అత్యవసరంగా ఆపరేషన్ అవసరం కావచ్చు. రక్తప్రసరణ ఆగి దెబ్బతిన్న భాగం మాత్రం పూర్తిగా కోలుకోకపోవచ్చు.

పిల్లల న్యూరాలజిస్టు ఉన్నచోట వెన్నెముక మొత్తానికి ఎమ్మారై చేయించాలి, మెదడు స్కాన్ ఒక్కటే సరిపోదు. మూత్రాశయం నిండి ఉండిపోతే కిడ్నీలకు ప్రమాదం కనుక దాన్నీ పరీక్షిస్తారు. 15 ఏళ్ల లోపు పిల్లల్లో కాళ్లు అకస్మాత్తుగా మెత్తబడితే పోలియో నిఘా నిబంధన ప్రకారం మల నమూనాలు తీసుకుంటారు, దానికి కంగారు పడకండి.

వారం రోజులు నీరసమని సరిపెట్టుకోవడం నాకు బాధ కలిగించింది. కాళ్లు పడిపోయిన పిల్లలకు ఇళ్లలో మర్దనలు, కాపడాలు చేస్తూ విలువైన రోజులు పోగొట్టుకోవడం తరచూ చూస్తుంటాం. స్కాన్ అయ్యేదాకా వీపుపై ఒత్తవద్దు. వేడి నీళ్ల కాపడం అసలే వద్దు, స్పర్శ లేని చర్మం కాలినా బిడ్డ ఏడవడు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ సిరప్, షాపువారిచ్చే స్టెరాయిడ్ చుక్కలు వేయకండి, అవి అసలు లక్షణాలను మరుగుపరుస్తాయి.

డిశ్చార్జి కాగితాలు, వెన్ను నీటి పరీక్ష రిపోర్టు, టీకాల కార్డు వెంట తీసుకెళ్లండి. కొన్ని రకాల బ్యాక్టీరియా మెనింజైటిస్ నుంచి కాపాడే పెంటావాలెంట్, న్యూమోకోకల్ టీకాల డోసులు, ముఖ్యంగా 9 నెలలకు వేసే న్యూమోకోకల్ బూస్టర్ పడ్డాయో లేదో డాక్టరుకు చూపించండి. మెనింజైటిస్ తర్వాత వినికిడి తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పరీక్ష కూడా అడిగి చేయించండి.