సోఫా మీద కాఫీ మరక ఆరాక మళ్లీ ఎందుకొస్తుంది?

సోఫా మీద కాఫీ ఒలికి రెండు రోజులైంది, సబ్బు నీళ్లతో గట్టిగా రుద్దాను, తడిగా ఉన్నంతసేపూ పోయినట్టే కనిపించి ఆరాక ఇంకా పెద్దదై వచ్చింది అని అడిగారు కదా. నేనూ ఇదే తప్పు చేశానండి, అదీ ఒకే కుషన్ మీద రెండుసార్లు.

మీ మరక ఇప్పుడు బట్టలో కన్నా కింద ఫోమ్‌లోనే ఎక్కువ ఉంది. మీరు పోసిన నీళ్లు కాఫీని తీసెయ్యలేదు, లోపలికి దింపాయి. పైన బట్ట ఆరుతుంటే వత్తి నూనె పీల్చినట్టు కింది తడి పైకి ఎక్కుతుంది, వస్తూ కాఫీ రంగును కూడా వెంటబెట్టుకొస్తుంది. నేనైతే మగ్గుతో నీళ్లు పోసి బ్రష్షుతో తోమాను. సాయంత్రానికి శుభ్రంగా ఉందని మురిసిపోయాను. పొద్దున లేచి చూస్తే అరచేతంత మరక పళ్లెమంత అయింది, చుట్టూ మ్యాపులో సరిహద్దు గీసినట్టు గోధుమరంగు అంచు!

మళ్లీ చెయ్యి పెట్టే ముందు కుషన్ కిందో, సోఫా అడుగునో చిన్న లేబుల్ ఉందేమో వెతకండి. దాని మీద డబ్ల్యూ అని ఉంటే నీటితో శుభ్రం చేయొచ్చు, ఎస్ అంటే నీళ్లు తగలకూడదు, డ్రై క్లీనింగ్ సాల్వెంట్ మాత్రమే, డబ్ల్యూఎస్ అంటే రెండూ ఫర్వాలేదు, ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఇంకేమీ వద్దు. కవర్‌కు జిప్పు ఉంది కదా అని తీసి వాషింగ్ మెషీన్‌లో వెయ్యకండి, అది చాలాసార్లు ఫోమ్ ఎక్కించడానికి పెట్టిన జిప్పే, కవర్ కుంచించుకుపోతే మళ్లీ ఎక్కదు.

నీళ్లు ఫర్వాలేదనుకుంటే, నాకు చివరికి పనిచేసింది ఇదీ: లీటరు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ గిన్నెలు తోమే లిక్విడ్, ఒక టేబుల్‌స్పూన్ తెల్ల వెనిగర్. ముందు కనపడని మూల కాస్త అద్ది, ఆరాక రంగు పోలేదని చూసుకోండి. తర్వాత తెల్లటి పాత గుడ్డను (రంగు గుడ్డ వాడితే దాని రంగు కూడా అంటుకోవచ్చు) ఇందులో ముంచి గట్టిగా పిండి, మరక అంచు నుంచి మధ్యలోకి అద్దుతూ రండి. రుద్దొద్దు. అద్దడం, పొడిగుడ్డతో ఒత్తి పీల్చడం, గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా ఇదే పని, విసుగొస్తుంది. తర్వాత ఉత్త నీళ్ల గుడ్డతో సబ్బు తీసెయ్యాలి, లేకపోతే ఆ జిగురుకు దుమ్ము పట్టి నెల తిరిగేసరికి అక్కడే నల్లబడుతుంది.

అసలు కిటుకు దీని తర్వాతే ఉంది. తెల్ల తువ్వాలు నాలుగు మడతలు పెట్టి మరక మీద పరిచి, పైన ఏదైనా బరువు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. పైకి ఎక్కే తడి బట్టలో ఆగకుండా తువ్వాలులోకి పోతుంది. పొద్దున నా తువ్వాలు మీద లేత గోధుమరంగు మచ్చ చూసి ఎంత సంతోషమేసిందో! బరువు తీశాక ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనివ్వండి. అయినా అంచు గీతలా మిగిలితే కుట్టు నుంచి కుట్టు దాకా ఆ భాగమంతా సమానంగా, పలుచగా తడిపి ఆరబెట్టాలి. అప్పుడు గీత పడటానికి తడి, పొడి కలిసే హద్దే ఉండదు.

వంటసోడాలో వెనిగర్ పోసి రుద్దమని చాలామంది చెప్తారు. బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం, ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది లవణం కలిసిన నీళ్లే. వంటసోడా విడిగా, పొడిగా, నూనె మరక మీద చల్లండి, అక్కడ పనికొస్తుంది. రక్తం అయితే చన్నీళ్లే, వేడినీళ్లు తగిలితే అందులోని ప్రొటీన్ గట్టిపడి అంటుకుపోతుంది. బాల్‌పెన్ గీతకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదితో అద్దడమే. ఏ మరకకైనా సరే బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ అమ్మోనియాతో గానీ కలపొద్దు, విషవాయువులు వస్తాయి.

ఇంకా లేత ఛాయ మిగిలి, బట్ట లేత రంగుదైతే, ఆఖరి ప్రయత్నంగా 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిగా అద్ది చూడొచ్చు. అది రంగును తినేస్తుంది కాబట్టి ముదురు బట్ట జోలికి మాత్రం వెళ్లొద్దు. నాకు దాని అవసరం రాలేదు, మరక పోయింది. బ్రష్షుతో తోమిన చోట నూగు లేచింది చూడండి, అది మాత్రం పోలేదు, ఆ కుషన్‌ను తిరగేసి వేశాను.